పేరు కనపడేంత పెట్టె

నందిగామ,
జూన్ 18

భవానీప్రసాద్ బావకు,

ఇమాం కాలు విరగ్గొట్టింది నువ్వే. పెనుగంచిప్రోలు రోడ్డు కాదు, పడమటి గాలి కాదు, వెనకనుంచి దాటిపోయిన సిమెంటు లారీ కూడా కాదు. నువ్వే. గుమ్మం దిగకుండా దువ్వెన దగ్గర్నుంచి ధనియాల దాకా తెప్పించుకునే నాలాంటి వాళ్లందరి తరఫునా ఆ పని నీ హబ్బు చేసిపెట్టింది.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. చేశాను. చేసినప్పుడల్లా మీటింగులో ఉన్నానన్నావు. జగ్గయ్యపేటలో పార్సిళ్లు పంచే హబ్బుకి అన్ని మీటింగులుంటాయని నాకు తెలీదు. వాట్సాప్‌లో అడిగితే దండం పెట్టే బొమ్మ పంపావు. ఆ బొమ్మకి కోర్టులో విలువ లేదు బావా. అందుకే కాగితం. దీనికి సిగ్నలు లేదని చెప్పలేవు.

ఇమాం భార్య సుభాన్‌బీ మొన్న బస్సెక్కి నా ఆఫీసుకొచ్చింది. మీ కంపెనీ వాళ్లిచ్చిన జవాబు చేతిలో పెట్టింది. "రైడర్ అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదం. సంస్థకు బాధ్యత లేదు." ఎంత ముచ్చటగా ఉంది! మనిషి కాల్లో రాడ్డు, కంపెనీ వాక్యంలో మాత్రం నొప్పి లేదు. ఆ ఒక్క వాక్యం అట్లాగే నిలబడితే ఇమాంకు వైద్యం ఖర్చు రాదు, బీమా రాదు. యాప్‌లో పని వచ్చే అతని ఐడీ అప్పుడే మూసేశారట. కాలు అతుక్కున్నా పని మాత్రం అతుక్కోదు.

మీ రైడర్లు పార్సిళ్లు మోసే ఆ పెట్టెల్ని నేనూ చూశాను. వేసవిలో మీ ఇంటికొచ్చినప్పుడు హబ్బు ముందు స్కూటర్ల మీద వరసగా ఉంటే, ఎవరో ఇల్లు మారుతూ బీరువాలు బండ్ల మీద పెట్టారనుకున్నా. కూర్చున్న మనిషి తల కంటే ఎత్తు, హ్యాండిలంత వెడల్పు. అద్దంలోకి చూస్తే వెనక రోడ్డు కనపడదు, పెట్టె మూల కనపడుతుంది. ఇంత ఎత్తెందుకు బావా అంటే నువ్వే గర్వంగా చెప్పావు, "వెనక కార్లో వాళ్లకి కంపెనీ పేరు కనపడాలిగా" అని. అంటే ఆ పెట్టె పార్సిళ్ల కోసం కాదన్నమాట, పేరు కోసం. రోడ్డు పక్కన హోర్డింగు నిలబెట్టాలంటే కాంక్రీటు పునాది తవ్వాలి, అనుమతి తీసుకోవాలి. ఇమాం అయితే ఇవేవీ అక్కర్లేదు. అతని నడుమే పునాది.

దాన్ని బిగించింది నీ హబ్బులో. అదెలా ఊగుతుందో రోజూ చూసింది నువ్వు. అది రాసి సంతకం పెట్టు. పెద్ద పని కాదు.

నీ మరదలు,
భారతీదేవి

*

జగ్గయ్యపేట,
జూన్ 27

లాయరు భారతీదేవి గారికి ముద్దాయి భవానీప్రసాద్ నమస్కరించి రాయునది.

ఉత్తరం చేరింది. షుగరు ఎలా ఉందని ఒక్క ముక్కయినా లేదు. కాలేజీ రోజుల్నుంచీ చూస్తున్నా, ఎక్కడ ఎవడి కాలు విరిగినా నీకు కారణం ఒక పెట్టుబడిదారే. ఇన్నాళ్లకు ఆ పెట్టుబడిదారు చుట్టాల్లోనే దొరికాడు. పండగ చేసుకో.

నేను పత్తి విత్తనాలు అమ్ముకునేవాణ్ణి. అది కుదరక హబ్బు పెట్టుకున్నా. పెట్టెని నేను కనిపెట్టలేదు తల్లీ. లారీలో వచ్చింది, ఎలా బిగించాలో కాగితం వచ్చింది. ఆ కాగితం మీద బొమ్మలో తెల్లగా మెరిసే కుర్రాడొకడు, గేదె ఒక్కటి కూడా అడ్డం రాని రోడ్డు మీద నవ్వుతూ పోతుంటాడు. మన రోడ్డుకి ఇది కుదరదని యాప్‌లో రాశా. "మీ సూచన మాకు అమూల్యం" అని జవాబొచ్చింది. ఆ కిందే, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు అని. అయిదిచ్చా. ఇవ్వకపోతే హబ్బు మార్కులు తగ్గుతాయి.

పడిన మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లింది ఎవరి కారు? మీ కార్మిక సంఘం కారా? నాది. వెనక సీటు మరక ఇంకా పోలేదు.

ఇంకొకటి కూడా విను, లాయరువి కదా. ఆ పెట్టెకి కంపెనీ ఇచ్చిన కొక్కేలు పీచుమిఠాయి పుల్లల్లాంటివి. నిజమే. అందుకే మావాళ్లంతా సైకిలు ట్యూబు కోసి, పెట్టె మీదనుంచి సీటు కింద రాడ్డు దాకా రెండు చుట్లు లాగి కడతారు. మన మెట్టలో మిరప బస్తా దగ్గర్నుంచి గ్యాసుబండ దాకా అన్నీ ట్యూబుతో కట్టేవేగా. అట్లా కడితే పెట్టె కదల్దు. ఇమాం ఆ రోజు కట్టలేదు. కట్టకుండా పెనుగంచిప్రోలు బయల్దేరాడు. పక్కనుంచి లారీ పోయిన గాలికి పెట్టె ఒక పక్కకి ఒరిగింది, బండి దాంతోపాటు వెళ్లింది. కట్టుకోని మనిషికి కంపెనీ ఏం చేస్తుంది, నేనేం చేస్తా?

నాకూ బాధగానే ఉంది. ఉత్తరాలు రాసేంత తీరికే లేదు.

భవానీప్రసాద్

*

నందిగామ,
జులై 6

బావా,

ముద్దాయి మౌనంగా ఉంటే లాయరుకి కష్టం. నువ్వు అట్లాంటి కష్టం పెట్టలేదు, సంతోషం. షుగరు ఎలా ఉంది?

ఇప్పుడు మీ కంపెనీ జవాబులో రెండో పేజీ చదువుతా, విను. కింద సంతకం మీ ఏరియా మేనేజరు దిలీప్‌ది. "వాహనం మీద గానీ పెట్టె మీద గానీ రబ్బరు పట్టీలు మొదలైన అనధికార మార్పులు చేసిన రైడర్లకు ప్రమాద సహాయం వర్తించదు." అంటే ట్యూబు కట్టి పడితే అనధికార మార్పు. కట్టక పడితే అజాగ్రత్త. పడకుండా ఉంటేనేమో కంపెనీ భద్రతా ప్రమాణాల గొప్పతనం. ఎంత తెలివిగా అల్లారు! మన చేపల వలకి కూడా ఎక్కడో ఒక కన్ను పెద్దదుంటుంది, దీనికి అదీ లేదు.

సరే, నీ మాటే పట్టుకుందాం. కట్టేవాడు ఆ రోజే ఎందుకు కట్టలేదు? ఈ ప్రశ్న నీకు రాలేదంటే నమ్మను. వచ్చింది. రాయలేదు.

నేను జగ్గయ్యపేట వచ్చాను. మీ ఇంటికి రాలేదు, కోపం తెచ్చుకోకు, కాఫీ తాగుతూ పోట్లాడటం నాకు చేతకాదు. నేరుగా ఇమాం ఇంటికెళ్లా. మంచం మీద కాలు దిండ్ల మీదెత్తి పెట్టుకుని ఉన్నాడు. నలభై దగ్గర పడుతున్న మనిషి, పదహారేళ్లవాడిలా సిగ్గుపడుతూ లేవబోయాడు. పక్కనే సుభాన్‌బీ మిషను కుడుతోంది. ఇప్పుడు ఇల్లు నడిచేది ఆ మిషను మీదే.

"ఆ రోజు ట్యూబు ఎందుకు కట్టలేదు ఇమాం?" అనడిగా.

"మర్చిపోయానండి."

"రోజూ కట్టేవాడివి, అంత దూరం వెళ్లే రోజే మర్చిపోయావా?"

"మనిషన్నాక మర్చిపోడా అండి."

మిషను ఆగింది. అతను భార్య వైపు చూశాడు. మిషను మళ్లీ మొదలైంది, ముందుకంటే జోరుగా. అప్పుడు నేను అడక్కుండానే ఇంకో మాటన్నాడు: "ప్రసాద్ గారు లేకపోతే నాకీ కాలే ఉండేది కాదండి. ఆయన్ని ఇందులోకి లాగమాకండి."

నీ పేరు నేనెత్తలేదు బావా. పెట్టె గురించీ ట్యూబు గురించీ అడుగుతున్నా. గుమ్మడికాయల దొంగంటే తన భుజాలు తడుముకునేవాణ్ణి చూశాం గానీ, ఇంకొకరి భుజాలు దులిపేవాణ్ణి నేనిదే చూడటం.

జవాబు రాయి. మీటింగులన్నీ అయ్యాక.

భారతి

*

జగ్గయ్యపేట,
జులై 21

భారతికి,

ఇక్కడ వాన బాగానే పడింది. పొలాల వాళ్లంతా మిరప నారు హడావుడిలో ఉన్నారు. అత్తయ్య మోకాళ్లు ఎలా ఉన్నాయి? నూనె పంపుతా, రాయమను.

ఇమాంని చూసొచ్చాను. దానిమ్మ కాయలు తీసుకెళ్లా. మాట్లాడాడు. సుభాన్‌బీ మంచినీళ్లిచ్చి లోపలికెళ్లిపోయింది.

కంపెనీ ఏం చెయ్యట్లేదని అనమాకు. పెట్టెలకి కొత్త బెల్టులు పంపారు. వాటి మీద కూడా పేరు అచ్చేశారు, మెరుస్తోంది. సిల్కు రిబ్బను లాగా ఉంది, బస్టాండు దాటేలోపు జారిపోతోంది. కానీ అధికారికం.

దిలీప్ వచ్చే నెలలో వస్తానన్నాడు. ఇమాం సంగతి ఫైలు మూసెయ్యాలట. హబ్బు తరఫున నా వాంగ్మూలం టైపు చేసి తెస్తాడట, సంతకం పెట్టాలి. హబ్బు ఒప్పందం మళ్లీ రాసుకునేది కూడా అప్పుడే. రెండూ ఒకేసారి ఎందుకు పెట్టుకున్నాడో నువ్వు చెప్పక్కర్లేదు.

నీ ప్రశ్నకి జవాబు అతనే చెప్పాడుగా, మర్చిపోయానని. కష్టజీవి మాట నమ్మాలి అని మైకులో చెప్పేది నువ్వేగా.

ఉంటా.

ప్రసాద్

*

నందిగామ,
ఆగస్టు 2

భవానీప్రసాద్ గారికి,

సుభాన్‌బీ మళ్లీ వచ్చింది. భర్తకి చెప్పకుండా వచ్చింది. నేను ఏమీ అడగలేదు. కుర్చీలో కూర్చోగానే ఆమే మొదలుపెట్టింది.

"ఆయన మర్చిపోలేదు మేడం. కట్టున్న ట్యూబుని ప్రసాద్ గారే కత్తెరతో కోశారు. ఫోటోలో కంపెనీ పేరు మీద నల్లగా పడుతోందంట."

మిగతాది నీకు తెలుసు. అయినా రాస్తా, ఎందుకంటే నువ్వు రాయలేదు. ఆ పొద్దున ఫోటో ఆడిట్. బండ్లన్నీ వరసలో పెట్టి, పెట్టెల మీద పేరు నిగనిగలాడేట్టు ఫోటో తీసి పైకి పంపాలి. ట్యూబు కనపడితే హబ్బుకి మార్కులు పోతాయి. లాగి బిగించిన ట్యూబు ముడి చేత్తో ఊడదు. అందుకని నువ్వు కత్తెర తెచ్చి వరసన ఒక్కొక్క బండి దగ్గరా వంగి కోసుకుంటూ పోయావు. "ఫోటో అయ్యాక కొత్తవి కట్టుకోండ్రా" అన్నావట. కొత్తవి ఎక్కడున్నాయి? సైకిలు షాపు తెరవలేదు. యాప్ మాత్రం తెరిచే ఉంది, ఆలస్యం అయిపోతోందని మోగుతోంది. మిగతావాళ్లవి ఊళ్లో వీధులు. ఇమాంది పెనుగంచిప్రోలు.

ఆ ఫోటో నేనూ చూశాను, నీ స్టేటస్‌లో. చప్పట్ల బొమ్మ పెట్టాను కూడా. నాకెంత తెలుసో చూడు.

అతను ఎందుకు చెప్పలేదంటే, నీ కారు. ఆస్పత్రి దాకా నువ్వు అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావట. మేలు చేసినాయన పేరు నోట్లోంచి రాకూడదని పట్టు పట్టాడు. సుభాన్‌బీ ఏమందో తెలుసా? "మేలు మేలే, కాలు కాలే మేడం. రెండూ ఒక లెక్కలో ఎట్టా వేస్తారు?" నేను ఇరవై ఏళ్లుగా ఉపన్యాసాలిస్తున్నా, ఈ మాట ఎక్కడా అనలేకపోయా.

నీ మీద కోపం లేదని రాయను. ఉంది. కానీ కోపంలో కూడా ఒక సంగతి కనపడుతోంది, దాన్ని వదలదల్చుకోలేదు. రేపు నువ్వొక్కడివే తప్పు చేశానని లెంపలేసుకున్నావనుకో, మీ కంపెనీకి అంతకంటే పండగ లేదు. "రైడర్ అజాగ్రత్త" కొట్టేసి "హబ్బు యజమాని అజాగ్రత్త" అని రాసుకుంటారు. నిన్ను మార్చి ఇంకొక ప్రసాద్‌ని పెడతారు. పెట్టె మాత్రం పతివ్రతలా అట్లాగే నిలబడి ఉంటుంది. పాత సైకిలు ట్యూబు ముక్క ఊడితే మనిషిని పడేసే పెట్టెని ఎవడు గీశాడు, ఎవడు ఒప్పుకున్నాడు, ఎవడు ఏ రోడ్డు మీద నడిపి చూశాడు? ఎవడూ చూడలేదు. ఏసీ గదిలో గోడ మీద బొమ్మ చూసి, పేరు ఇంకొంచెం పెద్దది చెయ్యమన్నారు. అంతే చూసింది.

కాబట్టి నీ పశ్చాత్తాపం నాకొద్దు, ఇంట్లో పెట్టుకో. దిలీప్ తెచ్చే కాగితం మీద సంతకం పెట్టకు. పెట్టావా, ఇమాంకు దారి పూర్తిగా మూసుకుపోతుంది. పెట్టె సంగతి, కొక్కేల సంగతి, ఫోటో సంగతి, కత్తెర సంగతి, మొత్తం రాయి. నీ హబ్బు పోవచ్చు. నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నా.

భారతీదేవి

*

జగ్గయ్యపేట,
ఆగస్టు 19

భారతికి,

"గారు" అని మొదలుపెట్టిన ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగా. నువ్వు తిడితే నాకు అలవాటే. మర్యాద ఇస్తేనే భయం.

నిన్న దిలీప్ వచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు, కారులోంచి దిగీ దిగకుండానే టైపు కాగితం, పెన్నుతో సహా, బల్ల మీద పెట్టాడు. "పెట్టె, కొక్కేలు, బెల్టు అన్నీ సక్రమంగా ఉన్నాయి, రైడరు సూచనలు పాటించలేదు." పక్కనే హబ్బు ఒప్పందం. నేను కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదివా. చదివి, సంతకం పెడతానండీ, ఒక్కటే కోరిక అన్నా. బండి తీసుకుని, పార్సిళ్లతో, కంపెనీ బెల్టుతో, హైవే మలుపు దాకా వెళ్లి రండి, అప్పుడు నేను మనస్ఫూర్తిగా పెడతాను అన్నా.

నవ్వాడు. చుట్టూ మావాళ్లు నిలబడి ఉన్నారు. కాదంటే బాగుండదు. హెల్మెట్ పెట్టుకుని సెల్ఫీ కూడా దిగాడు. ఏమన్నా అయితే పట్టుకోటానికి దేవరాజ్‌ని ఇంకో బండి మీద వెనక పంపా. మా రైడర్లలో నిదానస్తుడు. నీకు భయం అక్కర్లేదు, నేను మరీ అంత విప్లవకారుణ్ణి కాను.

మేం టీ తాగాం. రెండో టీ చెప్పాం. అప్పుడొచ్చాడు, బండి మీద కాదు, బండిని నెట్టుకుంటూ. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. పెట్టె పెళ్లి భోజనం తర్వాత మామగారిలా ఒక పక్కకి ఒరిగి ఉంది. బెల్టు చక్రం దగ్గర వేలాడుతోంది. దేవరాజ్ ఊరుకోకుండా, "లారీ అద్దంలో కనపడలేదా సార్?" అన్నాడు. పక్కనుంచి దాటిపోయాక కనపడిందట. తర్వాత దిలీప్ నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగాడు:

"ప్రసాద్ గారూ, కట్టటానికి ఏమన్నా ఉందా?"

"అనధికార మార్పు అండి," అన్నా.

ఒక్కసారి మావాళ్లంతా నవ్వారు. అతనూ నవ్వుతాడేమో అనుకున్నా. నవ్వలేదు. మొహం కడుక్కొని వచ్చి కూర్చున్నాడు. కాగితం మాత్రం మళ్లీ నా ముందుకే జరిపాడు. "నేను చూసింది వేరు సార్, పైకి రాయాల్సింది వేరు," అన్నాడు. ఇంట్లో చిన్న పిల్లలున్నారట. ఆ మాటతో అతని మీద కోపం కూడా నిలవలేదు. నువ్వైతే నిలబెట్టేదానివి.

ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. తెల్లకాగితం తీసి నువ్వడిగిందంతా రాశా. పెట్టె ఎత్తు, అద్దం, కొక్కేలు, యాప్‌లో రాసి అయిదు నక్షత్రాలిచ్చింది, ఫోటో, కత్తెర. దిలీప్ చదివి, మీ పేరు మీరే రాసుకున్నారేంటి సార్, మతుండే రాశారా అన్నాడు. ఒప్పందం మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయాడు. హబ్బు వచ్చే నెల ఉంటుందో ఉండదో తెలీదు. విత్తనాల కొట్టు షట్టరు తుప్పు పట్టింది, నూనె వేయించా.

సాయంత్రం ఇమాం దగ్గరికెళ్లి చెప్పా. కోప్పడ్డాడు. "నేను మర్చిపోయానని చెప్పాగా అండి, మళ్లీ మీరెందుకు రాశారు?" అన్నాడు. నువ్వు నా కోసం అబద్ధం చెప్తే నీ కాలికి డబ్బెవడిస్తాడ్రా అన్నా. సుభాన్‌బీ టీ తెచ్చింది. ఇంతకు ముందు వెళ్లినప్పుడల్లా మంచినీళ్లే.

వాంగ్మూలం అసలు కాగితం దీంతో పంపుతున్నా. కోర్టులో వెయ్యి. దాంతోపాటు ఈ కింద రాసిన కోరికలు కూడా కంపెనీకి నీ నోటీసులో పంపించు. మావాళ్లు హబ్బు ముందు కూర్చుని ఒక్కొక్కళ్లూ చెప్పారు, నేను రాశా. ఆఖరిది మాత్రం నాది. నీ ఉపమానాలు ఇందులో కలపమాకు, ఉన్నది ఉన్నట్టు పంపు.

ఒకటి. పెట్టె ఎత్తు కూర్చున్న రైడరు భుజం దాటకూడదు. వెడల్పు అద్దానికి అడ్డం రాకూడదు.

రెండు. పెట్టెని బండికి ఇనుప బిగింపుతో బిగించి ఇవ్వాలి. అప్పటిదాకా ట్యూబు కట్టుకోనివ్వాలి, దానికి మార్కులు తియ్యకూడదు.

మూడు. ఫోటో ఆడిట్ ఆపెయ్యాలి.

నాలుగు. కొత్త సామాను ఏదొచ్చినా, పంపినవాళ్లు ముందు మా రోడ్డు మీద, నిండు పార్సిళ్లతో నడిపి చూపించాలి.

అయిదు. ఇమాం వైద్యం ఖర్చు, పనిలేని నెలల జీతం కంపెనీ ఇవ్వాలి. ఐడీ తెరవాలి.

ఆరు. ప్రమాదం రిపోర్టులో ఇమాం పేరు పక్కనున్న "అజాగ్రత్త" తీసెయ్యాలి. ఆ చోట "పెట్టె తయారీ లోపం, కట్టు కోసింది హబ్బు యజమాని భవానీప్రసాద్" అని రాయాలి.